గ్లాసు దించేసిన గూఢచారి

విజయవాడలో ‘నీలి టోపీ’ సినిమాను మళ్లీ విడుదల చేసిన రోజు, అందులోని గూఢచారి సారంగ తెర అడుగున కొత్తగా వేసిన ‘మద్యపానం ఆరోగ్యానికి హానికరం’ అనే లైను చదివి, చేతిలోని విస్కీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. విలన్ పులిగోరు డెన్‌లో ఒక కట్టుబాటు ఉంది. ఇచ్చిన గ్లాసు కాదన్నవాడు పోలీసువాడే. అంచేత పులిగోరు సారంగను అక్కడికక్కడే కాల్చేశాడు. సినిమా మిగతా సగం హీరో లేకుండానే నడిచింది. క్లైమాక్సులో హెలికాప్టరు ఖాళీగా వచ్చి, ఖాళీగా వెళ్లిపోయింది. అభిమానులు ఎప్పటిలాగే కాగితాలు చింపి ఎగరేశారు.

ఇబ్బంది పడింది వామనమూర్తి ఒక్కడే. ఆయన ఓ పత్రికలో ప్రతి ఆదివారం ఒక పాత సినిమాను సమీక్షించి, దానికి జోడీగా ఏ విస్కీ పుచ్చుకోవాలో రాస్తాడు. ఈ విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. పౌరాణికాలకు తేనె వాసనది, కుటుంబ గాథలకు నీళ్లు ఎక్కువ కలిపింది. ‘నీలి టోపీ’కి పొగ వాసనది, ఒక్క ఐసు ముక్కతో అని ముందే రాసి ఇచ్చేశాడు కూడా. హీరోయే ముట్టని సరుకును పాఠకులకు ఏ మొహం పెట్టుకుని సిఫార్సు చేస్తాడు? పైగా చిన్నప్పటినుంచీ సారంగ అంటే ఆయనకు ప్రాణం. అలాంటివాడు ఆట ఆటకీ చస్తుంటే చూస్తూ కూర్చోలేకపోయాడు.

మర్నాడు మార్నింగ్ షోలో గ్లాసు సీను రాగానే లేచి తెర దగ్గరికి వెళ్లాడు.

“తాగవయ్యా బాబూ! తాగితేనే గదా నువ్వు బతికేది.”

“ఆరోగ్యానికి మంచిది కాదంట గదండీ,” అన్నాడు సారంగ మెల్లగా. “మా వైపునుంచి అక్షరాలు తిరగబడి ఉంటాయండీ. కూడబలుక్కుని చదివాను. ఇన్నేళ్లుగా తాగుతున్నా, ఒక్కళ్లూ చెప్పలేదు. చెప్పినాక కూడా తాగితే ఏం బాగుంటుందండీ?”

పులిగోరు ఆ మాట పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఆగి, కాల్చాడు.

వామనమూర్తి తిన్నగా ఆబ్కారీ శాఖ కార్యాలయానికి వెళ్లాడు. మద్యం అమ్మించే విభాగం, మద్యం వద్దని చెప్పే విభాగం ఒకే గదిలో ఉన్నాయి. సూపరింటెండెంటు హైమవతి రెండూ తనే చూస్తుంది. పొద్దున అమ్మకాలు పెంచమని సంతకం పెట్టి, భోజనం చేసి వచ్చి హెచ్చరికల మీద పెడుతుంది.

“ఆ లైను తీసేయండమ్మా. పాపం, మనిషి చచ్చిపోతున్నాడు.”

“తీయడం కుదరదండీ. వెయ్యాలని రూలు. వెయ్యమని ఉంది గానీ, చదవమని ఎక్కడుందండీ? ఇన్ని సినిమాల్లో వేయించాం. మీరు ఎప్పుడన్నా చదివారా?”

లేదని వామనమూర్తి నిజమే చెప్పాడు.

“మరి! ఆయనెందుకు చదివినట్టు?”

అయినా హైమవతి జాలిగల మనిషి. సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారుచేయించింది. హెచ్చరిక కింద మరో లైను చేరింది: ‘పై హెచ్చరిక పాత్రలకు వర్తించదు.’

ఫస్ట్ షోలో సారంగ రెండు లైన్లూ చదివాడు. ఒకసారి వామనమూర్తి వైపు చూశాడు. తర్వాత గ్లాసెత్తి గటగటా తాగేశాడు. పులిగోరు భుజం తట్టాడు. హెలికాప్టరు ఈసారి మనిషితో వెళ్లింది. వామనమూర్తి ఈల వేశాడు, ఆ వయసులో.

ఆదివారం సమీక్ష అచ్చయింది. మధ్యాహ్నం ఆయన పొగ వాసన విస్కీ పోసుకుని, ఒక్క ఐసు ముక్క వేసుకుని, పత్రిక తెరిచి తన రాతను తృప్తిగా చదువుకున్నాడు. చివర్న, చిన్న అక్షరాల్లో, ప్రతి వారం ఉండే హెచ్చరిక లైనే ఉంది. అలవాటు లేకపోయినా ఈసారి అదీ చదివాడు.

గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగింది. దాని కింద రెండో లైను కోసం వెతికాడు. పేజీ తిప్పి చూశాడు. లేదు.

లేకపోయినా ఉన్నట్టే అనుకుని తాగాడు.