ఎనిమిది గ్రహాల అన్నయ్య

పాఠకులారా, లోకంలో తప్పు జవాబు అంటూ ఏదీ లేదు. కాస్త ముందొచ్చిన జవాబు మాత్రమే ఉంటుంది!

నవ్వకండి. సైన్సుకి మాట మీద నిలకడ లేదని మీరంతా గొణుగుతుంటారు కదా? నిన్న కోడిగుడ్డు ముట్టుకోవద్దన్నారు, ఇవాళ భేషుగ్గా తినమంటున్నారు. బొమ్మల పుస్తకాల్లో నున్నటి ఒంటితో తిరిగిన డైనోసార్లలో కొన్నిటికి ఇప్పుడు ఈకలు అతికిస్తున్నారు. నాలుక కొసకి తీపి, వెనక్కి చేదు అని మనచేత నాలుక బొమ్మ గీయించి రంగులు వేయించారు. ఇప్పుడేమో అన్ని రుచులూ నాలుకంతా తెలుస్తాయట! ఇదంతా మీకు తలనొప్పి కావచ్చు. నాకు మాత్రం వరం.

ఎందుకంటారా? మొన్న మా ఆవిడ, "టీలో ఉప్పేశారేంటండీ?" అని అడిగింది. "తొందరపడి తీర్పివ్వకు. ఉప్పు మీద పరిశోధనలు ఇంకా నడుస్తున్నాయి" అన్నాను. వన్‌వేలో ఎదురెళ్లి ట్రాఫిక్ పోలీసుకి దొరికినప్పుడూ ఇదే సిద్ధాంతం వివరంగా చెప్పాను. ఆయనకి సైన్సు మీద బొత్తిగా ఆసక్తి ఉన్నట్టు లేదు.

నాకీ జ్ఞానం ఊరికే అబ్బలేదు. తొమ్మిదో తరగతి సైన్సు పరీక్షలో గ్రహాల పేర్లన్నీ రాయమన్నారు. అప్పటి లెక్క ప్రకారం తొమ్మిది. నేను ఎనిమిదే రాశాను. అన్నీ ఉంటేనే మార్కు అని మా సైన్సు మాస్టారు సున్నా చుట్టారు. ఆ ఒక్క మార్కు తక్కువై నేను తరగతి తప్పాను.

తప్పితే తప్పాను, అదేం కొంప మునిగే విషయం కాదు. కానీ మరుసటి ఏడు మా తమ్ముడు అదే క్లాసుకొచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఆ రోజు నుంచి వాడు నన్ను "అన్నయ్యా" అనడం మానేశాడు. "ఏమోయ్" అంటాడు. నా పెళ్లిలో అందరి ముందూ "ఏమోయ్, ఫొటోకి నవ్వు" అన్నాడు. వాడిప్పుడు పళ్ల డాక్టరు, జుట్టు నెరిసింది, ఇద్దరు పిల్లలు. అయినా నేను వాడికి "ఏమోయ్"నే. అది ఎక్కడో గుచ్చుకుంటుందండీ.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు ఓ హాల్లో కూర్చుని ఓట్లేసి మరీ ప్లూటోని గ్రహాల వరసలోంచి తీసేశారు. మిగిలినవి ఎన్ని? ఎనిమిది! నేను నిక్కరేసుకున్న రోజుల్లో తేల్చేసిన ముక్కకి వాళ్లకి ఇన్ని టెలిస్కోపులు కావలసి వచ్చాయి.

ఈ సంగతి తమ్ముడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. మొన్న పన్ను నొప్పని వాడి క్లినిక్కి వెళ్లి, కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోట్లో గొట్టం ఉండగానే మళ్లీ మొదలుపెట్టాను.

"నోరు తెరువు" అన్నాడు వాడు.

"తెరిచే ఉంది కదరా. ఇప్పుడైనా ఒప్పుకుంటావా?"

"నాదేముందోయ్. మాస్టారు ఆ మార్కు ఇస్తే అప్పుడు చూద్దాం."

నాకంతకంటే ఏం కావాలి? ఆదివారం వాణ్ణి వెంటబెట్టుకుని మాస్టారింటికి వెళ్లాను. ఆయన బాల్కనీలో మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, సైన్సే తన తప్పు దిద్దుకుంది కాబట్టి మాస్టారు కూడా నా మార్కు నాకిచ్చెయ్యడం ధర్మమని సవినయంగా మనవి చేశాను.

ఆయన మగ్గు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వట్రా! నిన్నెలా మర్చిపోతాను? రిటైరయ్యేదాకా ప్రతి క్లాసులో నీ గురించే చెప్పేవాణ్ణి."

నా ఛాతీ ఉబ్బిపోయింది. తమ్ముడి వైపు ఓ చూపు విసిరాను. "అంటే, ఆ రోజుల్లోనే ప్లూటోని పక్కన పెట్టేశానని చెప్పేవారా మాస్టారూ?"

"ప్లూటోని శుభ్రంగా రాశావురా. నువ్వు వదిలేసింది భూమిని."

తమ్ముడు బాల్కనీ రెయిలింగు పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. మాస్టారూ నవ్వారు. నేను దిగాలుగా మెట్లు దిగిపోతుంటే వాడు వెనకాలే పరుగెత్తుకొచ్చి, ఇంకా నవ్వుతూనే నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలే అన్నయ్యా, పద. ఇంటికెళ్దాం."

అన్నయ్యా అన్నాడు!

ఇక నా అసలు ఫిర్యాదు వినండి. సైన్సు మాట మార్చిందంటే దాని వెనక ఏళ్ల తరబడి కొలతలుంటాయి, కొట్లాటలుంటాయి, రుజువులుంటాయి. నాకు ఆ గొడవలేవీ అక్కర్లేకపోయాయి, లెక్క నావైపు తిరిగితే చాలనుకున్నాను. మరి మా తమ్ముడు చేసిందేమిటి? ఉన్న ఒక్క రుజువూ నిక్షేపంగా నాకు వ్యతిరేకంగా నిలబడి ఉండగా, ఇన్నేళ్ల అభిప్రాయాన్ని మెట్ల మీద నిలబడి మార్చేశాడు. శాస్త్రీయంగా చూస్తే అది శుద్ధ తప్పు.

దయచేసి ఈ ముక్క ఎవరూ వాడికి చెప్పకండి.