అందరికీ అర్థమైన గంట

పంతొమ్మిది వందల నలభై రెండు, ఆగస్టు ఆఖరు సోమవారం. ఉదయం గడ్డం గీసుకుంటూ బ్రహ్మయ్య ఆ రోజు చేయవలసిన పని నిర్ణయించుకున్నాడు. నరసరావుపేటలో స్టేషనుకు మైలు దూరంలో ఉన్న బియ్యం మిల్లులో అతను గుమాస్తా. యుద్ధం మూలంగా ఆ అర్ధరాత్రి నుంచి దేశంలోని గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరపాలని సర్కారు ఉత్తర్వు వచ్చింది. దాన్ని మిల్లులో అందరికీ అర్థమయ్యేలా చెప్పడం అతని వంతు.

"గంట ముందుకు జరిగితే పాలవాడు ఎప్పుడొస్తాడండీ?" అని భార్య అలివేలమ్మ అడిగింది.

"గేదె ఇచ్చినప్పుడు."

"మరి ఇందులో చెప్పడానికేముంది?"

బ్రహ్మయ్యకు ఆ ప్రశ్న నచ్చలేదు. ఏదైనా సంగతి బోధపడిన మనిషికి, ఆ సంగతి కన్నా దాని వివరణ మీద ఎక్కువ ప్రేమ పుడుతుంది. అతను వారం రోజులుగా ఆ ప్రేమలో ఉన్నాడు.

ప్రేమతో పాటు అవసరమూ ఉంది. మేనేజరు కుర్చీ రెండు నెలలుగా ఖాళీగా ఉంది. యజమాని వెంకట్రామయ్య మాట తేల్చేశాడు. "మంగళవారం స్టేషన్లో మన బియ్యానికి వ్యాగను పెడుతున్నారు. ఇరవై రోజులు తిరిగితే దొరికింది. నాలుగింటికి గూడ్సు వచ్చిద్ది. అప్పటికి నిండకపోతే ఖాళీగా లాక్కుపోతారు. ఈ కొత్త టైము గొడవలో కూలోళ్ళు అటూ ఇటూ అయ్యారంటే ఆ కుర్చీలో మా బావమరిది కూచుంటాడు. సజావుగా జరిగితే నువ్వు."

సాయంత్రం పని దిగాక బ్రహ్మయ్య షెడ్డులో ఒక బస్తా ఎక్కి నిలబడ్డాడు.

"పగలంటే దుప్పటి అనుకోండి," అన్నాడు. "పొట్టి దుప్పటి. మనం లేవకముందే తెల్లారుతుంది, అంటే దుప్పటి తలవైపు వృథాగా పోతోంది. పని దిగి ఇల్లు చేరి అన్నం తినేసరికి చీకటి పడుతుంది, అంటే కాళ్ళు బయట ఉన్నాయి. సర్కారు ఏం చేస్తోంది? దుప్పటిని కాళ్ళవైపు ఒక గంట లాగుతోంది. దుప్పటి పెరగదు, తరగదు. గడియారం ముల్లు ఒక్క గంట ముందుకు తిప్పితే చాలు."

మిల్లు ఇంజను నడిపి, కూత వేసే యాకూబు లేచాడు. "రంజాను దగ్గర పడింది గుమాస్తా గారూ. పొద్దు కూకడం గూడా జరిగిద్దా?"

"సూర్యుడికి మన మిల్లులో ఉద్యోగం లేదు యాకూబూ. ఆయన టైము ఆయనది."

"మరి మా టైము?"

"మన మిల్లు కూత. అది చెప్పిందే నిజం. ఆకాశం చూడొద్దు, ఇంకెవరి గడియారమూ నమ్మొద్దు."

బియ్యం చెరిగే ఆడవాళ్ళ మేస్త్రి హన్నమ్మ మిషన్ బడిలో నాలుగు చదివింది. "అయ్యా, ఆ దుప్పటి లాగేదెవరు?" అని అడిగింది.

"సర్కారు," అన్నాడు బ్రహ్మయ్య. అందరూ తలలూపారు. బస్తా దిగి, ఆఫీసు గోడ గడియారం ముల్లు తిప్పే పనిని వాచ్‌మన్ యల్లమందకు విడిగా అప్పగించాడు. అంత చిన్న వివరం ఉపన్యాసంలో చెప్పదగ్గదిగా అతనికి తోచలేదు.

ఉపన్యాసం నిజంగానే అందరికీ అర్థమైంది. చిక్కు అక్కడే మొదలైంది.

మర్నాడు ముసురు పట్టి సూర్యుడు కనిపించలేదు. యల్లమంద రాత్రే ముల్లు తిప్పాడు. కొత్త టైము ప్రకారం సరిగ్గా ఏడింటికి కూత కూసింది, కూలీలు వచ్చారు. బ్రహ్మయ్య తృప్తిగా సైకిలెక్కి స్టేషనుకు వెళ్ళిపోయాడు.

కష్టమైన సంగతి తనకు తెలియగానే మనిషికి కలిగే మొదటి అనుమానం, పక్కవాడికి తెలియలేదని. ఇంజనుకు నూనె కోసం ఆఫీసులోకి వచ్చిన యాకూబు గోడ గడియారం వంక చూశాడు. దీన్ని యల్లమంద తిప్పి ఉంటాడా? ఆ బుర్రకు ఇంత సంగతి ఎక్కుతుందా? పాపం, మంచి మనిషి గుమాస్తా, కుర్చీ పోతుంది. యాకూబు అటూ ఇటూ చూసి, అద్దాల తలుపు తీసి, ముల్లు ఒక గంట తిప్పి, ఎవరికీ చెప్పకుండా ఇంజను దగ్గరికి పోయాడు. చేసిన మేలు చెప్పుకోవడం అతని పద్ధతి కాదు.

కాసేపటికి చేటలు కావాలని హన్నమ్మ వచ్చింది. ఆమె పద్ధతి కూడా అంతే.

స్టేషన్లో తొమ్మిదయ్యేసరికి మిల్లులో పన్నెండు కూత కూసింది. ఆడవాళ్ళు అన్నం క్యారియర్లు విప్పారు.

"పొద్దున తాగిన గంజే అరగలేదే," అంది నాగేంద్రమ్మ.

"కొత్త టైము గదా. అరగడం గూడా ముందుకు జరుపుకోవాల," అంది పాపమ్మ.

మిల్లు కూత విని బడిలో అన్నం గంట కొట్టారు. అదే కూతను నమ్ముకున్న మాచర్ల బస్సు డ్రైవరు, పన్నెండింటి బస్సులో ముగ్గురే ఉన్నా, సమయపాలన కోసం కదిలిపోయాడు. వింతగా తోచిన ప్రతిదానికీ కొత్త టైము అన్న సమాధానం సిద్ధంగా ఉంది గనక, ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

స్టేషన్లో బ్రహ్మయ్యకూ ఆ కూత వినిపించింది. యాకూబు కూత పరీక్ష చేస్తున్నాడనుకున్నాడు. పదింటికి మళ్ళీ వినిపిస్తే, శ్రద్ధగా పరీక్ష చేస్తున్నాడనుకున్నాడు. పదకొండింటికి వ్యాగను వచ్చింది. బళ్ళ మీద బస్తాలు రాసాగాయి. రెండయ్యేసరికి వ్యాగను ముప్పాతిక నిండింది. అప్పుడు మూడో కూత కూసింది. బండి తోలే షౌకత్ భుజాన ఉన్న బస్తాను నేల మీద దించి, తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"ఏందిరా, దించావు?"

"ఐదు కూత గుమాస్తా గారూ. ఇంటికి పోతన్నా."

"స్టేషను గడియారం చూడు. రెండు."

"అది పాత టైమేమో."

"రైల్వే వాళ్ళది పాత టైమేంది షౌకత్?"

"ఇంకెవరి గడియారమూ నమ్మొద్దని నిన్న బస్తా ఎక్కి చెప్పింది మీరే గదా. కూతే నిజమంటిరి. నాకు బాగా అర్థమైంది."

తన వాక్యాలు తనకే ఎదురై వస్తే మనిషి తప్పుకుని దారి ఇవ్వాల్సిందే. బ్రహ్మయ్య సైకిలెక్కాడు.

కూలీలు వెళ్ళిపోయి మిల్లు ఖాళీగా ఉంది. గోడ గడియారం ఐదుంబావు చూపిస్తోంది. వెంకట్రామయ్య నడవాలో పచార్లు చేస్తున్నాడు. "గూడ్సు పోయిందా?" అన్నాడు.

"ఇంకా రాలేదు అయ్యగారూ. అక్కడ రెండుంబావే. ఈ గడియారాన్ని ఎవరో కదిపారు."

వెంకట్రామయ్య యల్లమందను పిలిచాడు.

"రాత్రి నేను తిప్పానయ్యా. గుమాస్తా గారు తిప్పమంటేనే."

ఇంజను గది గుమ్మంలో యాకూబు తల దించుకున్నాడు. "నేనూ తిప్పినా. యల్లమందకి తెలవదనుకున్నా."

"నాకు తెలవదా?" అన్నాడు యల్లమంద.

"ఏమే హన్నమ్మా, నువ్వు?" అని వెంకట్రామయ్య, చేటలు తిరిగి పెట్టడానికి వచ్చి గోడ పక్కన ఆగిపోయిన హన్నమ్మను అడిగాడు.

"యాకూబుకి తెలవదనుకున్నానయ్యా."

బ్రహ్మయ్య వేళ్ళ మీద లెక్క వేశాడు. "యల్లమందది సరైన గంట. ఎక్కువైనవి యాకూబుది ఒకటి, హన్నమ్మది ఒకటి. కానీ గడియారం మూడు గంటలు ముందుంది."

"ఆ మూడోది తిప్పిన చెయ్యి ఎవరి..." అంటూ వెంకట్రామయ్య సగంలో ఆగిపోయాడు. ఉత్తరీయంతో కళ్ళద్దాలు తుడుచుకోసాగాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"పొద్దున నువ్వు స్టేషనుకు పోయాక, లక్ష్మీదేవి పటానికి హారతి ఇద్దామని ఆఫీసులోకి వచ్చానయ్యా," అన్నాడు చివరికి. "నువ్వు మర్చిపోయావనుకున్నా."

"మీరు కూడా విన్నారా?"

"కిటికీ పక్కన నిలబడి విన్నా. దుప్పటి సంగతి చానా బాగా చెప్పావు."

అందరూ బ్రహ్మయ్య వంక చూశారు. జరిగిందంతా విడమరచి చెప్పాలన్న కోరిక అతని గొంతు దాకా వచ్చింది. ఉపమానం కూడా దొరికింది, బావికి నాలుగు చేదలు. ఒక్క క్షణం ఆ కోరికను బయటి నుంచి చూసినట్టు చూశాడు. అది ఎవరి కోసమూ కాదు, తన కోసమే. దాన్ని మింగేసి, గడియారం ముల్లును రెండున్నరకు తెచ్చాడు.

"యాకూబూ, కూత వెయ్యి."

"ఏం కూతండీ ఇప్పుడు? ఐదు కూత అయిపో..."

"వెయ్యి."

యాకూబు తాడు లాగాడు. పది నిమిషాల్లో కూలీలు ఒక్కరొక్కరే గేట్లోకి రాసాగారు.

"ఐదు తర్వాత పని కూతేందే?" అంది నాగేంద్రమ్మ.

"అడగొద్దు. మళ్ళా బస్తా ఎక్కుతాడు," అంది పాపమ్మ.

షౌకత్ బండి అందరికన్నా ముందు స్టేషను చేరింది. నాలుగుకు పావు తక్కువకు వ్యాగను తలుపు మూసి సీలు వేశారు. నాలుగింటికి గూడ్సు దాన్ని తగిలించుకుపోయింది.

ఆ సాయంత్రం వెంకట్రామయ్య చాలాసేపు ఆలోచించాడు. చెప్పడం చేతగాలేదని గుమాస్తాను తప్పించాలంటే, అర్థమైందని ముల్లు తిప్పిన తన చెయ్యి అడ్డం వస్తోంది. బావమరిదికి రావద్దని కబురు చేశాడు.

మర్నాడు గడియారపు అద్దాల తలుపుకు కొత్త తాళం వేలాడింది. అది మేనేజరు బ్రహ్మయ్య మొదటి ఉత్తర్వు. ఆ తాళం ఎందుకో అతను ఎవరికీ వివరించలేదు.