ఏడో గుంట ఎడమా, కుడా?

"ఆ నున్నటి గడ్డి మీద కాలు జారుతుందేమో, ఎవరి బంతో వచ్చి నుదుటికి తగులుతుందేమో, అసలు కారే రాదేమో!" అందావిడ, ఇంకా పొయ్యి కూడా వెలిగించకుండానే.

పేపరు చాటునున్న ఆయన పొద్దున అడిగిన మాటకు సాయంత్రం జవాబు చెప్పే రకం. ముప్పై ఏళ్ళు గోల్ఫు మైదానంలో గడ్డి కోశాడు. కోత యంత్రం రొదలో ఏం మాట్లాడతాంలే అని మూసిన నోరు, రిటైరయ్యాక తెరవడం మరిచిపోయాడు.

ఇవాళ కూతురికి ఆఖరి పోటీ. గెలిస్తే అదే మైదానంలో పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగం. తండ్రి ముప్పై ఏళ్ళూ వెనక గేటులోంచి వెళ్ళొచ్చిన చోటికి కూతురు ముందు గేటులోంచి వెళుతుంది. అందుకే ఆయన తొమ్మిది గుంటల్లో దేనికి బంతి ఎటు కొట్టాలో ఒక చిన్న పుస్తకంలో రాశాడు. ఎవరికీ చూపించలేదు. "ఆడే రోజు ఇస్తా" అన్నాడు. ఆ నెలలో ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే.

ఆవిడ అనుకున్నది చిన్న పనే. ఆయన పాత ఖాకీ చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, తొడిగించి, పదిమందిలో నిలబెట్టాలి. చొక్కా పిండుతుంటే జేబులో ఏదో మెత్తగా తగిలింది. తీసి చూస్తే పుస్తకం. ముప్పై ఏళ్ళ తెలివంతా నీలంగా బకెట్లో తేలుతోంది.

ఆరబెడదామని పేజీల మీద ఇస్త్రీపెట్టె పెట్టింది. అవి ఒకదానికొకటి అట్టలా అతుక్కుపోయాయి. విడదీయబోతే చిరిగాయి. ఈలోగా ఇస్త్రీపెట్టె కింది దుప్పట్లోంచి పొగ లేచింది.

"అమ్మా, ఏదో కాలుతోంది!" స్నానాల గదిలోంచి అరిచింది కూతురు.

"పక్కింట్లోనే!" అని అంతకంటే గట్టిగా అరిచిందావిడ.

ఇంకేం దారి? ఆవిడ చదివింది అయిదో తరగతే గానీ, ఆ మైదానం తెలియనిదా? పెళ్ళైన కొత్తలో రోజూ క్యారియరు పట్టుకుని ఆయన కోసం గుంటగుంటా తిరిగేది. రెండో గుంట దగ్గర వంగిన చెట్టు కింద ఆయన తలలోంచి గడ్డిపరకలు ఏరేది. నాలుగో గుంట ఇసుకలో చంటిది ఆడుతూ ఆడుతూ నిద్రపోయేది. సరుకుల చీటీలు రాసే పుస్తకం అచ్చం ఆ సైజులోనే ఉంది. పెన్ను తీసుకుని కూర్చుంది.

"ఒకటి: తొందరపడకు. రెండు: కొమ్మలు వంగి ఉంటాయి, కిందుగా పో. నాలుగు: ఇసుక జోలికి వెళ్ళకు, బయటపడలేవు."

ఏడు దగ్గర పెన్ను ఆగింది. అక్కడ చెరువు. ఎటునుంచి దాటాలి? ఆవిడ ఎప్పుడూ దాటలేదు. నీళ్ళంటే భయంతో ఒడ్డునే నిలబడిపోయేది. ఆయనే యంత్రం ఆపి, చుట్టూ తిరిగి ఇవతలికొచ్చి, అన్నం తినేవాడు.

"ఏమండీ, ఊరికే అడుగుతున్నా. ఏడో గుంట ఎడమా, కుడా?"

పేపరులో ఒక పేజీ తిరిగింది. బయట కారు హారన్ మోగింది. ఆవిడ తనకు తెలిసిందే రాసేసి, పుస్తకం కూతురి చేతిలో పెట్టింది. "మీ నాన్న ఇమ్మన్నారే."

మైదానంలో తాడు ఇవతల ఇద్దరూ నిలబడ్డారు. మూడో గుంట దగ్గర అమ్మాయి పుస్తకం తెరిచి, కనుబొమలు ముడిచింది. అప్పుడు గుర్తొచ్చిందావిడకు. కంగారులో ఆ పేజీ వదిలేసింది, పాత చీటీ అలాగే ఉంది: "గరిటె, చిన్నది, ఒకటి."

అమ్మాయి కాసేపు ఆలోచించి, తల ఊపి, సంచిలోంచి అన్నిటికంటే పొట్టి కర్ర తీసింది. బంతి దొర్లి దొర్లి గుంట అంచున ఆగింది. జనం చప్పట్లు కొట్టారు.

"అయ్యో, అయిదో పేజీలో ఫినాయిలుందే!" అని గొణిగిందావిడ.

అయిదో గుంట దగ్గర అమ్మాయి పుస్తకాన్ని తిప్పితిప్పి చదివింది. తర్వాత జేబురుమాలు తీసి బంతినీ కర్రనీ తళతళలాడేలా తుడిచి మరీ కొట్టింది. అదీ బాగానే పోయింది.

ఏడో గుంటకొచ్చేసరికి అమ్మాయి, ఆమెతో పోటీపడుతున్న ఒక తెల్లటోపీ కుర్రవాడు సమానంగా ఉన్నారు. తెల్లటోపీ అందరిలాగే చెరువు మీదుగా కుడివైపు గట్టిగా కొట్టాడు. బుడుంగుమంది. అమ్మాయి పుస్తకం చూసింది. "ఇక్కడ ఆగు. దాటకు." మెల్లగా ఒడ్డు దాకా కొట్టి ఆపింది. అక్కడినుంచి పక్కగా, నీళ్ళు తగలకుండా చుట్టూ తిప్పుకుంటూ పోయింది. చివరికి ఒకే ఒక్క దెబ్బ తేడాతో గెలిచింది.

"నాన్నా, అంతా నీ పుస్తకమే!" పరుగెత్తుకొచ్చింది అమ్మాయి. "గరిటె అంటే పొట్టి కర్రని భలే తట్టిందిలే నాకు!"

ఆయన పుస్తకం చూశాడు. తన చొక్కా జేబు మీది నీలపు మరక చూసుకున్నాడు. భార్య వైపు చూశాడు.

"ఉతికేశానండీ," అందావిడ, కళ్ళు ఒత్తుకుంటూ. "మీ రాతంతా నీళ్ళపాలు చేశాను. నోటికొచ్చింది రాశాను. తిట్టండి, కానీ ఏదో ఒకటి అనండి!"

ఆయన పుస్తకం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ముగ్గురూ నడిచారు. అమ్మాయికి ఎటు చూడాలో తెలియలేదు. చెరువు దగ్గరికొచ్చాక, ఒకప్పుడు క్యారియరు విప్పుకున్న ఒడ్డున ఆయన ఆగాడు. నీళ్ళవైపు చూశాడు. దూరంగా ఎక్కడో కోత యంత్రం ఆగింది.

"కుడి అనే రాశాను," అన్నాడు. "మునిగేవాళ్ళం."