చదవని ఫైలు, తెరవని గేటు

ఆ రోజు కిషన్ ప్లాను చాలా చిన్నది. పొద్దున ఎనిమిదికి పద్మనగర్ ఇంట్లో తన ప్రోగ్రామును చివరిసారి నడిపి చూడటం, పదకొండుకు కాశేలి ఆఫీసులో సేఠ్ ముందు పెట్టడం, సాయంత్రం నౌకరి పక్కా అయిన కాగితం తెచ్చుకోవడం. ఆరు నెలల కచ్చా నౌకరికి అదే ఆఖరి రోజు.

గోదాము సాఫ్ట్‌వేర్‌లోని రెండువేల ఫైళ్లనూ చదివి, ఏ కోడు ముక్కను ఎక్కడ వాడుతున్నారో అడగ్గానే చెప్పడం ఆ ప్రోగ్రాము పని. ఎనిమిదింబావుకు అది ఒక ఫైలు దగ్గర ఆగిపోయింది. 'చదవడానికి అనుమతి లేదు' అంది. మళ్లీ నడిపితే మళ్లీ అక్కడే. పక్క షెడ్డులో మగ్గాల దడదడ, లోపల కిషన్ గుండె దడదడ. రెండువేలలో ఒక్కటి లేకపోతే కొంపలు మునుగుతాయా? చదవలేనిది వస్తే చప్పుడు చేయకుండా దాటిపొమ్మని ఒక వరుస రాశాడు. ప్రోగ్రాము చివరిదాకా పరుగెత్తి 'అంతా పూర్తయింది' అని ప్రకటించింది.

రాంప్రసాద్ సేఠ్ పదిహేనేళ్లు మగ్గాలు నడిపి సాఫ్ట్‌వేర్‌లోకి దిగినవాడు. పనికిరానిది కంటబడితే పారేసేదాకా ఆయనకు నిద్రపట్టదు. పదకొండుకు ఆఫీసులో కిషన్ ప్రోగ్రామును చూపించగానే, "ఎవ్వలూ వాడని ముక్క ఏమన్న ఉన్నదా, అడుగు దాన్ని" అన్నాడు.

ఒకటుంది. గేటు చీటీ అచ్చువేసే ముక్క. దాన్ని వాడే ఫైళ్లు సున్నా. పక్క బల్ల దగ్గర పనిచేసే మల్లిక ఒకసారి ఆలోచిద్దామంది. సేఠ్ ఆలోచించలేదు, తీసెయ్యమన్నాడు. ఆమె తీసేసింది.

ఇరవై నిమిషాలకు కింద గోదాము గేటు తెరుచుకోవడం మానేసింది.

కిషన్‌కు అర్థమైంది. ఆ ముక్కను వాడేది తాను దాటిపొమ్మన్న ఫైలే అయ్యుండాలి. చెబితే కాగితం గోవింద. నోరు తెరిచేలోగా సేఠ్ గేటును ఏ ఫైలు తెరుస్తుందో అడగమన్నాడు. ప్రోగ్రాము వినయంగా 'ఏదీ లేదు' అంది. అంటే తప్పు మోటారుదని సేఠ్ తేల్చేశాడు. ఎలక్ట్రీషియన్ విఠల్ వచ్చి మోటారు విప్పి నట్లన్నీ గుడ్డమీద పరిచాడు. మోటారులో ఏ లోపమూ లేదన్నాడు. అప్పటికి బయట లారీలు పదకొండు.

సాఫ్ట్‌వేరూ కాదు, మోటారూ కాదు. ఇక మిగిలింది గేటు దగ్గర నిలబడే మనిషి.

"ఈ దత్తాత్రే ఏదో మీట ఒత్తిండు. వర్దీ ఇచ్చి పొమ్మను" అన్నాడు సేఠ్.

యాభై ఐదేళ్ల కావలి దత్తాత్రి యూనిఫాం చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే కిషన్ తల్లి లక్ష్మవ్వ ఫోన్ చేసింది. ఆమె శాంతి నగర్‌లో గుడ్డ చూసి తప్పులు పట్టే పని చేస్తుంది. కాగితం వచ్చిందా అని అడిగింది.

"అవ్వా, గుడ్డ తానుల తప్పు కనబడితే ఏం చేస్తవు?"

"ఆపుకుంట కూసుంటే పని ఆగుతది. ఊకుంటే కొనే పార్టీ తాను మొకానికేసి కొడుతది. తప్పున్న కాడ అంచుకు ఎర్రదారం కట్టి ముందుకు పోత. ఏమైంది బిడ్డా, గొంతు గట్లున్నది?"

దత్తాత్రి మూడో గుండీకి వచ్చాడు. కిషన్ ఫోన్ పెట్టేశాడు.

"సేఠ్, ఆయన తప్పేం లేదు. నా ప్రోగ్రాము ఒక ఫైలు చదవలే. చదవలేదని నేను చెప్పనియ్యలే."

కిషన్ పొద్దున రాసిన వరుస కొట్టేశాడు. చదవలేనిది వస్తే ఆగొద్దు, దాయొద్దు. దాని పేరు, కారణం, ఆ ఫైలుకు తాళం వేసిన మనిషి పేరు చివర జాబితాగా చూపాలి. ప్రోగ్రాము నడుస్తుంటే సేఠ్ తెరమీదికి వంగాడు.

"ఎవడేసిండో తాళం, వానికి ఇయ్యాల్నే ఆఖరు దినం. నువ్వు తర్వాత."

'చదవనివి: ఒకటి. గేటు ఫైలు. కారణం: తాళం. వేసినవారు: రాంప్రసాద్.'

ఎవరూ ముట్టుకోకుండా ఎండాకాలంలో ఆ ఫైలుకు తానే తాళం వేసి మరిచిపోయిన సంగతి సేఠ్‌కు నెమ్మదిగా గుర్తొచ్చింది. బయట లారీలు హారన్లు కొడుతూనే ఉన్నాయి.

తాళం తీశారు. మల్లిక ముక్కను తిరిగి పెట్టింది. విఠల్ ఒక నట్టు మిగిలినా మోటారు బిగించాడు. గేటు తెరుచుకుంది. దత్తాత్రి గుండీలు పెట్టుకున్నాడు. సాయంత్రం సేఠ్ కిషన్ కాగితం మీద సంతకం చేసి, పెన్ను మూత పెట్టకుండానే గొంతు తగ్గించాడు.

"జాబితా మంచిగున్నది, ఉండనీ. తాళమేసినోని పేరు మాత్రం తీసెయ్."

కిషన్ తీసేశాడు; జాబితా అడుగున మాత్రం 'ఒక పేరు చూపించలేదు' అని ఒక వరుస చేర్చాడు.