దానం గారి వెంటిలేటర్లు

శనివారం పొద్దున్న క్రిస్టీనా వేసుకున్న పథకం చిన్నదే. కాలేజీలో ఫిజిక్స్ క్లాసు చెప్పి రావడం, అమలాపురంలో తాత దానం గారు 1956లో కట్టిన ఇంటికి మరమ్మతులు పూర్తయ్యాయి కనుక సాయంత్రం అక్కడ ప్రార్థన పెట్టించడం. ఏసీ లేకుండా.

ఆ చివరి మాట దగ్గరే భర్త జయప్రకాష్‌తో పేచీ. దక్షిణపు చూరు వేసవి ఎండను గోడ మీద పడనివ్వదు, చలికాలపు ఎండను లోపలికి రానిస్తుంది. పైనున్న వెంటిలేటర్లు వేడిగాలిని బయటికి తోలేస్తాయి. తాత లెక్క అంతే.

"ఈ ఇంట్లోకి ఏసీ వచ్చిందంటే నేను చెప్పే ఫిజిక్స్ అబద్ధమన్నట్టేనండీ. ఊరుకోను!" అంది క్రిస్టీనా. ఆమె సరేనంటే తప్ప ఏసీ పెట్టకూడదని ఒప్పందం కుదిరింది.

మధ్యాహ్నం జయప్రకాష్ ఫోన్ చేశాడు. "ఏసీ బిగించేవాళ్లు ఖాళీగా ఉన్నారంట. రమ్మననా?"

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ గారు ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "సోమవారం ల్యాబ్ మీరు చూస్తారామ్మా?"

పెద్దవాళ్లు ఏదడిగినా, సరేనండీ అనడానికి కోనసీమ నోటికి వచ్చే జవాబు ఒక్కటే. "ఆయ్," అంది క్రిస్టీనా, ఫోన్ చెవి దగ్గర ఉండగానే.

జయప్రకాష్ ఉబ్బిపోయాడు. "వెంటిలేటర్లు కూడా మూయించేస్తాను మరి!"

"పరీక్ష డ్యూటీ కూడా మీదేనమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఆయ్, ఆయ్." భర్త మాట ఒక్క ముక్క కూడా చెవికెక్కని క్రిస్టీనా, మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేసి, ఆ సంగతే మరిచిపోయింది.

ఇంటి దగ్గర తాపీమేస్త్రి త్రిమూర్తులు నసిగాడు. "మేడం గారు ఒక్కటి కూడా ముయ్యొద్దన్నారండీ."

"ఇప్పుడు ముయ్యమన్నారయ్యా! మూడుసార్లు ఆయ్ అన్నారు."

"ఆయ్," అన్నాడు త్రిమూర్తులు, ఇటుకలు అందుకుంటూ.

సాయంత్రం క్రిస్టీనా వచ్చేసరికి గోడకి ఏసీ ఉంది, వెంటిలేటర్లు లేవు. ఒళ్లు మండిపోయింది. ఫోన్‌లో మూడుసార్లు ఆయ్ అన్నావుగా అని భర్త అనేసరికి, అవి ప్రిన్సిపాల్ గారికి చెప్పిన ఆయ్‌లని ఆమెకు తట్టింది. కానీ చుట్టాలు కూర్చున్నారు, కిటికీలు బిగించారు, పాస్టరు జాషువా గారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. కరెంటు పోయింది.

జాషువా గారి ప్రార్థన త్వరగా అయ్యేది కాదు. చెమటలు కారుతున్నా కళ్లు తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. క్రిస్టీనా మాత్రం తెరిచింది. కిటికీలన్నీ చప్పుడు కాకుండా తీసింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి బల్ల ఎక్కింది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. ఆమె ఒక్కో ఇటుకా ఊడబీకి ఇస్తుంటే, గుమ్మం బయట నిలబడ్డ త్రిమూర్తులు వచ్చి కింద అందుకున్నాడు. వేడి పైకి పోయింది, అరుగు మీంచి చల్లగాలి లోపలికి దూసుకొచ్చింది.

"ప్రభువా! జయప్రకాష్ అన్నయ్య గారు పెట్టించిన కొత్త ఏసీ ఇంత చల్లగా ఉన్నందుకు నీకు స్తోత్రం!" అన్నారు పాస్టరు గారు.

"ఆమేన్!" అన్నాడు జయప్రకాష్, అందరికంటే గట్టిగా.

"కరెంటు ఎప్పుడో పోయిందండీ, పాస్టరు గారూ!"

అందరూ కళ్లు తెరిచారు. బల్ల మీద, చేతిలో ఇటుకతో క్రిస్టీనా. "దేవుడికి ఎన్ని స్తోత్రాలైనా చెప్పండి. ఏసీ పేరు చెప్పి మాత్రం చెప్పడానికి వీల్లేదండీ! ఇది మా తాతగారి గాలి."

ఆ గాలికి పెద్దలెవరూ త్వరగా లేవలేదు. అందరూ వెళ్లాక ఆమె భర్త వైపు తిరిగింది. "రేపు ఏసీ విప్పించేయండి."

"ఆయ్," అన్నాడు జయప్రకాష్.

అతని చెవి దగ్గర ఫోన్ లేదని చూసుకున్నాకే క్రిస్టీనా నమ్మింది.