ఒక ఫిర్యాదు కావాలి

ఆ రోజు పొద్దున సలహాదారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇంట్లో ఒక కాగితం రాయించుకోవాలి. పదింటికి దాన్ని ఫిర్యాదుల పెట్టెలో వేయాలి. పదకొండింటికి బ్యాంకు మేడమ్ ఎదుట ఆ పెట్టె తెరిచి తనే ఆశ్చర్యపోవాలి.

విదేశీ బ్యాంకు సాయంతో ఊరి అంచున నాలుగు వరసల రోడ్డు వేస్తున్నారు. ఆ రోడ్డు వల్ల చెట్టుకూ మనిషికీ దెబ్బ తగలకుండా చూడటం సలహాదారు పని. తగిలితే, ఎవరికీ తగలలేదని నలభై పేజీల్లో రాయడం కూడా ఆ పనిలోదే. ఎనిమిది నెలలుగా ఈ రెండోది అతను మహా శ్రద్ధగా చేస్తున్నాడు. నెలాఖరుకి కాంట్రాక్టు ముగుస్తుంది. మేడమ్ మెచ్చుకుంటే ఇంకో రెండేళ్ళు పొడిగింపు. లేకపోతే అత్తగారింట్లో, అత్తగారి కుర్చీలో, అత్తగారి కళ్ళెదుట రోజంతా కూర్చోవాలి. ఇల్లరికపు అల్లుడికి ఉద్యోగమంటే జీతం ఒక్కటే కాదు, పొద్దున్నే ఇంట్లోంచి బయటపడే దారి కూడా.

చిక్కల్లా ఫిర్యాదులు లేకపోవడం. రోడ్డు పని వల్ల బాధపడేవాళ్ళు చెప్పుకోవడానికి ఒక పెట్టె పెట్టారు. అది ఇంజినీరు ఆఫీసు ప్రహరీ లోపల ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. ఎవరు, ఏ పని, లోపల ఎవరు తెలుసు అని అడుగుతాడు. లోపల ఎవరైనా తెలిసిన మనిషికి పెట్టెతో పనేముంటుంది? ఎనిమిది నెలల్లో ఒక్క కాగితం పడలేదు. జనం సుఖంగా ఉన్నారని సలహాదారు నెలనెలా రాస్తూ వచ్చాడు. కొత్తగా వచ్చిన మేడమ్ మాత్రం, "ఇంత పెద్ద రోడ్డుకి ఒక్క ఫిర్యాదూ లేదంటే జనానికి నోరైనా లేదు, మీ పెట్టెకి నోరైనా లేదు" అనేసింది.

ఫిర్యాదు లేకేం? రోడ్డు పక్కన కుట్టుమిషను పెట్టుకుని బతికే ఒకావిడ ఉంది. రోలరు నడిచిన రోజే ఆవిడ గది గోడ పైనుంచి కింది దాకా పగిలింది. మూడుసార్లు గేటు దాకా వచ్చి మూడుసార్లూ వెనక్కి వెళ్ళింది. సలహాదారుకి ఈ సంగతి తెలుసు. కానీ నిజం ఫిర్యాదు తీసుకుంటే రోలరు ఆపాలి, ఇంజినీరుతో తగాదా పడాలి, గోడ కట్టించాలి. అబద్ధం ఫిర్యాదుకైతే ఒక సంతకం చాలు.

అందుకని తొమ్మిదింటికి అత్తగారి ముందు నిలబడ్డాడు. భార్య ఉద్యోగ శిక్షణకని నెల రోజులు వేరే ఊళ్ళో ఉంది, లేకపోతే ఈ గండం ఆవిడ దాటించేది.

"అత్తయ్యా, ఒక చిన్న సాయం. మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది కదా."

"ఏం కావాలో చెప్పండి బాబూ. ముత్యాల సంగతి తరవాత."

"రోడ్డు పని వల్ల దుమ్ము వస్తోందని ఒక ఫిర్యాదు రాసివ్వాలి. నాలుగు ముక్కలు చాలు."

"మనింటికి దుమ్మెక్కడిది? రోడ్డు అర కిలోమీటరు అవతలుంది."

"అందుకే మిమ్మల్ని రాయమంటున్నాను. నిజంగా దుమ్ము తినేవాళ్ళు రాస్తే రోజూ నీళ్ళు చల్లించాలి."

అత్తగారు బడిపంతులమ్మగా చేసి మానేసిన మనిషి. నలభై ఏళ్ళు తప్పులు దిద్దిన కళ్ళతో అల్లుణ్ణి కింది నుంచి పైదాకా చూశారు. "అబద్ధం రాయడం నాకు చేతకాదు బాబూ."

"పోనీ మీకున్న బాధే ఏదో ఒకటి రాయండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. పేరూ చిరునామా మాత్రం మరిచిపోకండి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అత్తగారు పావుగంటలో కాగితం మడిచి ఇచ్చారు. సలహాదారు దాన్ని విప్పి చూడలేదు. నివేదికలు రాసేవాళ్ళకి ఒక జబ్బుంది, కాగితం నిండిందా లేదా చూస్తారు గాని అందులో ఏముందో చూడరు. తిన్నగా తీసుకెళ్ళి పెట్టెలో వేశాడు. వాచ్‌మన్ లేచి నమస్కారం కూడా పెట్టాడు.

పదకొండింటికి మేడమ్ పెట్టె తెరిపించింది. ఇదివరకటి బ్యాంకు అధికారికి ఇక్కడి భాష రాదు, సలహాదారు ఏం చెబితే అదే ప్రజాభిప్రాయం. ఈవిడ పట్టుబట్టి భాష నేర్చుకు వచ్చింది. కాగితం తీసి తనే గట్టిగా చదివింది.

"మా వంటింటి గోడ బీట వారింది. చెప్పాను. చూద్దామన్నారు. మళ్ళీ చెప్పాను. రాసిపెట్టుకున్నామన్నారు. మూడేళ్ళయింది. వాన పడితే పొయ్యి మీదికి నీళ్ళు కారతాయి. చేయవలసిన మనిషి రోజూ ఆ గోడ పక్కనుంచే వెళతాడు. నేను అడిగేది కొత్త గోడ కాదు. ఒక్కసారి ఆగి చూడమని."

సలహాదారు చెవులు ఎర్రబడ్డాయి. మూడేళ్ళుగా తాపీమేస్త్రీని పిలుస్తానని తను చెబుతున్న గోడ అది.

మేడమ్ కళ్ళు తుడుచుకుంది. "పదేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి ఫిర్యాదు చదవలేదు. కానీ మూడేళ్ళేమిటి? పని మొదలై ఎనిమిది నెలలే కదా?"

ఇంజినీరు సలహాదారు వంక చూశాడు. ఏదో ఒకటి చెప్పకపోతే సలహాదారు మునుగుతాడు. "మట్టి పరీక్షలకి అప్పుడే బోర్లు వేశారండీ. ఆ అదురుకి…"

"అర కిలోమీటరు దూరానికా?" అంది మేడమ్ చిరునామా చూసి.

"అక్కడి నేల కొంచెం నాజూకండీ."

మేడమ్ పుస్తకం తీసి ఏదో రాసుకుంది. "రేపు ఆ ఇల్లు చూడాలి" అంది.

తను ఇల్లరికం ఉన్నట్టు సలహాదారు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. కాగితాల్లో పాత అద్దెగది చిరునామాయే ఉంది. ఆ సాయంత్రం గోడ మీద పెళ్ళి ఫొటో దింపాడు, చెప్పులు దాచాడు, తువ్వాలు దాచాడు. అత్తగారి కాళ్ళ మీద పడటం ఒక్కటే తక్కువ. "రేపు మీకు నేనెవరో తెలియదు, అంతే" అని బతిమాలాడు.

"అదేమంత కష్టం కాదు బాబూ" అన్నారు అత్తగారు.

మర్నాడు ఆవిడ తలుపు తీసి, "రండమ్మా. ఈయనెవరు?" అన్నారు. మేడమ్ పరిచయం చేసింది. అత్తగారు తల పంకించి, "ఈ బాబుని మూడేళ్ళలో మా వంటింట్లో ఒక్కసారి కూడా చూడలేదమ్మా" అన్నారు. అందులో అబద్ధం అక్షరం లేదు. మేడమ్ సలహాదారు వంక చూసిన చూపుకి అతను బూట్ల కొసలు లెక్కపెట్టుకున్నాడు. తరవాత మేడమ్ గోడకి చెయ్యి ఆనించి, ఆ బీటలో వేలు పెట్టి చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు కారు కుట్టుమిషను గది ముందునుంచే వచ్చింది. టేపు మెడలో వేసుకున్న ఆవిడ కారు చూసి గుమ్మంలోకి వచ్చి చెయ్యెత్తింది. వెనక గోడ పగులు కారులోకి కనిపిస్తూనే ఉంది. మేడమ్ అటుపక్క కిటికీలోంచి చెట్లు చూస్తోంది. 'ఆపండి' అని ఒక్క మాట అంటే చాలు. సలహాదారు ఒళ్ళో ఉన్న కాగితాలు తిరగేశాడు. అతనికి సిగ్గేసింది. సిగ్గు కాస్త దూరం వచ్చింది, తరవాత మలుపులో దిగిపోయింది.

ఇక్కణ్ణుంచి కథ సలహాదారు చేతుల్లో లేదు. అర కిలోమీటరు దూరాన గోడ పగిలిందంటే రోడ్డు ప్రభావం అర కిలోమీటరు ఉన్నట్టే అని మేడమ్ తేల్చింది. ఇదివరకు యాభై మీటర్లలోపు ఇళ్ళనే లెక్కలోకి తీసుకునేవారు. కొత్త గీత గీస్తే లోపలికి పన్నెండు వందల ఇళ్ళు వచ్చాయి. ప్రతి ఇంటి గోడా పరీక్షించాలి, పగిలిన చోటల్లా బాగుచేయాలి.

ఇంజినీరు సలహాదారుని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "నాజూకు నేల అన్నారు కదా. ఇప్పుడు ఆ నేల మీద నన్నేం చేయమంటారు?"

"రోడ్డు పక్కకి జరపొచ్చండీ. ఇళ్ళు తక్కువున్న వైపు. బ్యాంకు కూడా అదే మెచ్చుకుంటుంది."

"అయితే మీరే గీయండి. సాయంత్రానికి కావాలి."

సలహాదారు ఆకాశం నుంచి తీసిన ఫొటో ముందేసుకుని కూర్చున్నాడు. ఆ ఎత్తు నుంచి చూస్తే మనుషులుండరు, కప్పులుంటాయి. కప్పులకి నంబర్లుంటాయి. ఖాళీ స్థలాలు చూసుకుంటూ, పాత కాలువ గట్టు వెంబడి, ఎర్ర గీత ఒకటి చక్కగా లాగాడు. గట్టు నేల గట్టిదని, అక్కడ పాత యాభై మీటర్ల లెక్కే చాలని పక్కన రాశాడు. పన్నెండు వందలు పోయి తొమ్మిదే ఇళ్ళు అడ్డొచ్చాయి. తొమ్మిది! ఎనిమిది నెలల్లో చేసిన మొదటి అసలు పని అనిపించి, అతనికి తన మీద తనకే గౌరవం పుట్టింది. అడుగున సంతకం పెట్టాడు.

మేడమ్ పొంగిపోయింది. ఒక ముసలావిడ గోడు విని రోడ్డునే జరిపిన ప్రాజెక్టు ఎక్కడా లేదని పైవాళ్ళకి రాసింది. సలహాదారుకి రెండేళ్ళ పొడిగింపు ఉత్తరం ఇప్పించింది. రోడ్డు జరిగింది గనక పాత వీధికి కొత్త కాగితాలు వెళ్ళాయి. మీరు ఇక ప్రభావిత పరిధిలో లేరు అని కుట్టుమిషను ఆవిడకి కూడా ఒకటి అందింది. రోలరు వెళ్ళిపోయింది. పగులు మాత్రం ఆవిడకే మిగిలింది, ఇప్పుడు దానికి కారణం కూడా లేదు.

ఉత్తరం జేబులో పెట్టుకుని సలహాదారు ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాడు. గేటు స్తంభం మీద ఎర్ర రంగుతో '9' అని రాసి ఉంది. రంగు ఇంకా ఆరలేదు. వరండాలో అత్తగారి ఎదుట సర్వే అమ్మాయి ఫారాలు పరుచుకుని కూర్చుంది.

"ఇదేమిటి? ఎక్కడో పొరపాటు జరిగింది" అన్నాడు సలహాదారు.

"లేద్సార్, మీ మ్యాపే" అని ఆ అమ్మాయి చూపించింది. ఎర్ర గీత వెనక వీధిలోంచి వచ్చి, తిన్నగా వంటింట్లోంచి, ముందుగదిలోంచి బయటికి వెళుతోంది. సొంత ఇంటిని అతను ఎప్పుడూ ముందునుంచే చూశాడు. పైనుంచి అది కూడా ఒక బూడిదరంగు కప్పే.

ఇంజినీరుకి ఫోను చేశాడు. "అది మా ఇల్లండీ."

"మీ ఇల్లా? అంటే ఆ ఫిర్యాదు…"

"మా అత్తగారు."

"శుభం. ముందు ఆ పొడిగింపు ఉత్తరం చింపేయండి. రోడ్డు కింద ఇల్లు పోయేవాడు ఈ పని చేయకూడదని నియమం ఉంది."

"ఉద్యోగం పోతే పోయింది. రోడ్డైనా మార్చండి."

"మార్చాలంటే ఒకటే దారి. ఫిర్యాదు దొంగదని మేడమ్‌కి మీ చేత్తో రాసివ్వండి. రేపే పాత గీతకి వెళ్ళిపోదాం. మిమ్మల్ని మాత్రం ఇక ఏ బ్యాంకూ గుమ్మం తొక్కనివ్వదు. రాస్తారా?"

అత్తగారు అల్లుడి వంకే చూస్తున్నారు. ఫోనులో మాట వరండా అంతా వినిపిస్తోంది. బడి జీతంలోంచి ఏడాదికో గది చొప్పున ఆవిడ కట్టించుకున్న ఇల్లది. నాలుగు ముక్కలు రాస్తే ఆ ఇల్లు నిలబడుతుంది. జీవితమంతా ఏది పడితే అది రాసిన మనిషి, నిజం నాలుగు ముక్కలు రాయాల్సి వచ్చేసరికి ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"ఆలోచించి చెబుతానండీ" అన్నాడు చివరికి.

"అదే అనుకున్నా" అని ఇంజినీరు పెట్టేశాడు.

అత్తగారు తిట్టినా బాగుండేది. ఆవిడ సర్వే అమ్మాయి వైపు తిరిగి, "కానీ అమ్మా, ఇంకా ఏమడగాలి?" అన్నారు.

"ఇంటి యజమాని?"

"నేనే."

"ఇంకెవరుంటారండీ?"

"మా అమ్మాయి. ఉద్యోగం చేస్తుంది. తరవాత ఈయన, మా అల్లుడు." మూడేళ్ళలో ఆవిడ అతన్ని ఎదటివాళ్ళకి పరిచయం చేయడం అదే మొదలు.

"అల్లుడుగారి ఉద్యోగం? ఫారంలో ఉంది, అడగాలండీ."

"ఇందాకటి దాకా ఉండేది."

సర్వే అమ్మాయి తల వంచుకుని రాసుకుంది. "చివరిదండీ. ప్రత్యేకంగా ఆదుకోవలసినవాళ్ళు ఎవరైనా ఉంటే రాసుకుంటాం. వృద్ధులు, జబ్బుమనుషులు, తమ బతుకు తాము చూసుకోలేనివాళ్ళు. మిమ్మల్ని వృద్ధుల్లో రాయనా?"

"నన్ను వద్దమ్మా. నేనెక్కడైనా ఒక గది చూసుకుంటాను." అత్తగారు లేచి కుర్చీ ఖాళీ చేసి, అల్లుడికి చూపించారు. "ఆ ఆఖరి గడిలో ఈయన్ని రాయి."

టిక్కు పెట్టబోతుంటే అమ్మాయి పెన్నులో సిరా అయిపోయింది, సలహాదారు అలవాటు కొద్దీ జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చాడు.