మూడు వందల ఇరవై కిలోల ఒప్పందం

ఆదివారం ఉదయం ఆరు గంటలకు కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. బండిని షెడ్డులోంచి బయటికి తియ్యాలి, పదకొండు నిమిషాలు ఇంజన్ నడవనివ్వాలి, ఏడింటికల్లా భార్యను వెనక కూర్చోబెట్టుకుని ఊరి బయట వంతెన దాకా వెళ్ళి రావాలి. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి ఆదివారమూ ఇదే పథకం. పదకొండు నిమిషాలే ఎందుకని ఎవరైనా అడిగితే, పది నిమిషాలకు ఇంజన్ ఇంకా నిద్రమత్తులో ఉంటుందనీ, పన్నెండుకు అలుగుతుందనీ చెప్పేవాడు. అడిగినవాళ్ళు రెండోసారి అడిగేవారు కాదు.

బండి అంటే అల్లాటప్పా బండి కాదు. రెండు సిలిండర్ల పాత క్రూయిజర్ మోటార్‌సైకిల్, పద్నాలుగు వందల సీసీ, మూడు వందల ఇరవై కిలోలు. కంపెనీ ఆ మోడల్ తయారీ ఆపేసి పన్నెండేళ్ళయింది. ఆ తర్వాత విడిభాగాలు కూడా రావడం మానేశాయి. దాని వెనక సీటుకు బ్యాక్ రెస్టు కంపెనీ ఇచ్చింది కాదు. భార్యకు నడుం నొప్పి మొదలైన ఏడాది ఆయనే కొలతలు తీసుకుని, తోలు కుట్టించి, సొంతంగా బిగించాడు. ఆయన భార్యకు చేసిన మంచిపనుల జాబితాలో అది మొదటిది. రెండోది ఏమిటో ఆవిడకు ఇంకా తట్టలేదు.

మూడేళ్ళ కిందట బండి ఒక సిగ్నల్ దగ్గర ఆయన మీద పడింది. భుజం జారి నలభై రోజులు కట్టుతో తిరిగాడు. కట్టు విప్పిన రోజున, బడిలో లెక్కల టీచరైన ఆయన భార్య ఒక తెల్లకాగితం తెచ్చి ముందు పెట్టింది. "బండి పడిపోయిన పక్షంలో యజమాని ఇతరుల సాయం లేకుండా ఒక్కడే దానిని లేపవలెను. లేపలేని రోజున బండి ఈ ఇంట ఉండరాదు." కింద తేదీ, రెండు సంతకాలు. అప్పట్లో ఆయన నవ్వుతూ సంతకం పెట్టాడు. ఆ కాగితం షెడ్డులో పానాల బీరువా తలుపుకు లోపలివైపు అంటించి ఉంది. బీరువా తెరిచిన ప్రతిసారీ చదవక తప్పదు.

ఆ ఆదివారం షెడ్డు గడప దగ్గర తడి ఉంది. ఎడమ కాలు అరంగుళం జారింది. ఇరవై ఏళ్ళ కిందటైతే ఆ అరంగుళాన్ని తొడ బలంతో ఆపేసేవాడు. ఇప్పుడు యాభై ఎనిమిది. బండి పెద్దగా చప్పుడు కూడా చెయ్యకుండా, పాపం మెల్లగా, మర్యాదగా ఒక పక్కకు ఒరిగి పడుకుంది. ఆయన దానికి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, ఊపిరి బిగపట్టి ఎత్తాడు. జానెడు లేచింది. భుజంలో ఏదో కలుక్కుమంది. మళ్ళీ ఎత్తాడు. ఈసారి బండి లేవలేదు, కలుక్కుమనడం మాత్రం జరిగింది.

అంతలో వంటింటి కిటికీ తలుపు చప్పుడైంది. కళ్ళజోళ్ళ కొట్టు పెట్టి ఊళ్ళో సగంమందికి చూపు సరిచేసిన మనిషికి ఆ క్షణంలో తట్టిన ఉపాయం ఒక్కటే. పక్కనున్న పానా అందుకుని బండి పక్కనే తానూ వెల్లకిలా పడుకున్నాడు.

"ఏవండీ, ఏం చేస్తున్నారు?" అంది లెక్కల టీచరు.

"ఆయిల్ చూస్తున్నాను."

"పడుకునా?"

"ఈ మోడల్‌కి కింద నుంచే చూడాలి."

"బండి కూడా పడుకుందే?"

"అది పడుకుంటేనే కదా నాకు అడుగు కనపడేది!"

ఆవిడ పడుకున్న ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత, "ఎవరినైనా పిలవనా?" అంది.

"ఎందుకూ? ఆయిల్ చూడ్డానికి ఇద్దరు మనుషులెందుకు?"

"సరే," అని ఆవిడ కిటికీ మూసేసింది. కళ్ళజోళ్ళాయన హమ్మయ్య అనుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఏ విషయాన్నీ అంత తేలిగ్గా వదిలెయ్యలేదన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

ఆరున్నరకు పక్కింటి ప్లంబరు పళ్ళు తోముకుంటూ గోడ మీంచి తొంగి చూశాడు. "పడిపోయిందా సార్? ఒక చెయ్యి వెయ్యనా?" అని అప్పుడే గోడ ఎక్కబోయాడు.

"వద్దు! ముట్టుకోవద్దు!" అని కళ్ళజోళ్ళాయన అరిచినంత పని చేశాడు. ఇతరుల సాయం లేకుండా అని కాగితంలో ఉంది. ఆయనకు అబద్ధం చెప్పడానికి అభ్యంతరం లేదు గానీ, సంతకం పెట్టిన కాగితాన్ని మీరడమంటే మహా భయం.

ప్లంబరుకు మనసు నొచ్చుకుంది. "మీ ఇష్టం సార్. ఒక్కరివల్ల అయ్యే పని కాదు. బేస్‌మెంట్‌లో పెద్ద పంపు చెడిపోతే మేమెవరమూ ఎత్తం. విప్పి, ముక్కలుగా పైకి తెచ్చి, పైన బిగిస్తాం," అని నోరు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

వెళ్ళేవాడు ఊరికే వెళ్ళక ఆ మాట అక్కడ వదిలేసి వెళ్ళాడు. కళ్ళజోళ్ళాయన బీరువా తెరిచి కాగితం మళ్ళీ చదివాడు. ఒక్కడే లేపవలెను అని ఉంది. ఒకేసారి లేపవలెను అని ఎక్కడా లేదు. లెక్కల టీచరు రాసిన కాగితంలో లొసుగు దొరికిందన్న సంతోషంతో ఆయన భుజం నొప్పి కూడా మర్చిపోయాడు. ఎటూ ట్యాంకు మూతలోంచి పెట్రోలు కారుతోంది కాబట్టి ముందు ట్యాంకు విప్పాడు. రెండు చేతులతో ఎత్తాడు. లేచింది! సీటు విప్పాడు. అదీ లేచింది. అన్నీ విప్పి, షెడ్డులోకి చేరవేసి, తలుపు వేసుకుని, రెండు వారాల్లో నిలువునా మళ్ళీ బిగించుకోవాలి. అడిగితే సర్వీసు అని చెప్పాలి. అదీ పథకం.

తొమ్మిది కావస్తుండగా వాకిట్లో పాత దుప్పటి మీద బండి బారులు తీరి ఉంది. ట్యాంకు, సీటు, బ్యాక్ రెస్టు, బ్యాటరీ, కార్బురేటర్, రెండు సైలెన్సర్లు, హ్యాండిలు, ముందు చక్రం, దాన్ని మోసే ఫోర్కులు. వెనక చక్రం గోడకు చేరబడింది. ప్రతి ముక్కనూ ఆయన గుడ్డతో తుడిచి మరీ పెట్టాడు. మిగిలింది ఇంజను, దాన్ని పట్టుకుని ఉన్న ఛాసిస్. ఇంజను ఒక్కటే వంద కిలోలు. దాన్నెలా లేపడమా అని బుర్ర గోక్కుంటుండగా గేటు ముందు ఒక వ్యాను ఆగింది.

దిగినవాళ్ళు ముగ్గురు: పంటి డాక్టరు, బ్యాంకు మేనేజరు, ఫొటోగ్రాఫరు. ముగ్గురికీ అదే మోడల్ బండి ఉంది. ఇరవై ఏళ్ళుగా ప్రతి నెలా మొదటి ఆదివారం నలుగురూ కలిసి తిరుగుతారు. ఇది మూడో ఆదివారం. పైగా బళ్ళ మీద కాకుండా ఫొటోగ్రాఫరు లైట్లు మోసుకెళ్ళే వ్యానులో వచ్చారు. పంటి డాక్టరు చొక్కా మీద నడుం బెల్టు బిగించి ఉంది. ఫొటోగ్రాఫరు చేతిలో మోకు ఉంది. ఇవన్నీ కళ్ళజోళ్ళాయన చూశాడు. చూసినదాని గురించి ఆలోచించే తీరిక మాత్రం ఆయనకు లేదు.

"ఏంటి గురూ ఇది?" అన్నాడు పంటి డాక్టరు, గేటు దగ్గరే నిలబడిపోయి.

"సర్వీసు."

"సర్వీసుకి ఎవడైనా ఫోర్కులు విప్పుతాడా?"

కళ్ళజోళ్ళాయన గుడ్డ తీసుకుని ఫోర్కులు మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే భార్య టీ కప్పుల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నిజం చెబితే కాగితం అమల్లోకి వస్తుంది. సర్వీసని మళ్ళీ అంటే బండి గురించి తెలిసిన ఈ ముగ్గురూ ఆవిడ ముందే నవ్వుతారు. అప్పుడాయన బుర్రలో, ఆ రోజుకి మూడోదీ ఆఖరుదీ అయిన పథకం మెరిసింది.

"ఇక చాలనిపించింది," అన్నాడు గొంతు బరువుగా పెట్టి. "ఎన్నాళ్ళని నడుపుతాం? నేనే విప్పేశాను. మీ బళ్ళకి పనికొచ్చేవేమైనా ఉంటే తీసుకోండి."

ఆయన లెక్క ఇది. ముగ్గురూ గుండెలు బాదుకుంటారు. మాకొద్దు, నువ్వు బండి వదిలితే మేం బతికున్నట్టేనా అంటారు. చేతులు పట్టుకుని బతిమాలతారు. మీరింతగా అంటున్నారు కాబట్టి సరే అని ఆయన బెట్టుగా ఒప్పుకుంటాడు. అందరూ కలిసి బిగించేస్తారు. బండి నిలబడుతుంది, పరువూ నిలబడుతుంది.

ముగ్గురూ మొహామొహాలు చూసుకున్నారు. తర్వాత గుమ్మంలో ఉన్న ఆవిడను చూశారు. తర్వాత దుప్పటిని చూశారు. దుప్పటిని కొంచెం ఎక్కువసేపే చూశారు.

"నువ్వింతగా అంటుంటే కాదంటే బాగుండదు," అన్నాడు పంటి డాక్టరు. ఏడు నెలలుగా కార్బురేటర్ కోసం ఆయన తిరగని ఊరు లేదు. వంగి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజమైన నీళ్ళే. "ప్రాణంలా చూసుకుంటాను గురూ."

"మొహమాటపడకండి, వద్దంటే వద్దని చెప్పండి..." అన్నాడు కళ్ళజోళ్ళాయన ఆశగా.

"మన మధ్య మొహమాటమేంటి!" అంటూ బ్యాంకు మేనేజరు ఫోర్కులు చంకన పెట్టుకున్నాడు. ఆయన మహా జాగ్రత్తపరుడు. "రేపు మనసు మారితే నీకూ ఇబ్బంది, మాకూ ఇబ్బంది. ఇష్టపూర్వకంగా ఇచ్చానని రెండు ముక్కలు రాసిచ్చెయ్యి," అని జేబులోంచి కలం తీసిచ్చాడు. కళ్ళజోళ్ళాయన రాసిచ్చాడు. ఆ బండి విషయంలో ఆయన పెట్టిన రెండో సంతకం అది. మొదటి సంతకంలాగే దీన్నీ నవ్వుతూనే పెట్టాడు, కాకపోతే ఈసారి నవ్వడం కష్టమైంది.

ఫొటోగ్రాఫరు ట్యాంకు తీసుకున్నాడు. సైలెన్సర్లు మిగతా ఇద్దరూ చెరొకటి పంచుకున్నారు. జ్ఞాపకంగా ఉంటుందని ఫొటోగ్రాఫరు కళ్ళజోళ్ళాయన చేత హ్యాండిలు పట్టించి ఫొటో తీశాడు. ఫొటో అయ్యాక హ్యాండిలు కూడా తీసుకున్నాడు. చివరికి అతని చూపు బ్యాక్ రెస్టు మీద పడింది.

"మా ఆవిడ నడుం నొప్పని రోజూ సాధిస్తోంది. కానీ ఇది వదినది కదా..." అని నసిగాడు.

గుమ్మంలో ఉన్నావిడ చప్పున ఒక అడుగు ముందుకు వేసింది. ఏదో చెప్పబోయింది కూడా. ఆయన చూశాడు. ఇప్పుడు కాగితం మాట ఎత్తుతుందేమోనన్న కంగారులో గబగబా అనేశాడు.

"తీసుకో, తీసుకో! అందులో ఎవరు కూర్చుంటున్నారు గనక!"

పోయిన ఆదివారం వంతెన దాకా వెళ్ళి వస్తూ ఆవిడ దానికే ఆనుకుని కునుకు తీసింది. ఆయన అద్దంలో చూసి, ఆవిడ నిద్ర చెడకూడదని ఆ దారంతా నెమ్మదిగా నడిపాడు. అదేమీ ఇప్పుడు ఆయనకు గుర్తు లేదు. ఆవిడ వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. టీ పళ్ళెం గడప మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత పని చకచకా సాగి, చక్రాలు, సీటు, బ్యాటరీ కూడా వ్యానెక్కాయి. ముగ్గురూ ఛాసిస్ బోల్టులు విప్పారు. మోకు కట్టారు. పంటి డాక్టరు నడుం బెల్టు ఇంకో రంధ్రం బిగించుకున్నాడు. "ఊ... పట్టు!" అని ముగ్గురూ కలిసి ఒక్క ఊపులో ఇంజన్ను ఎత్తి వ్యానులో పడేశారు. వంతులవారీగా వాడుకుంటారట. వెళ్ళేముందు ఒక్కొక్కరే ఆయన్ను కావలించుకున్నారు. బ్యాంకు మేనేజరు చెవిలో, "నీ పరువు మా చేతుల్లో భద్రం గురూ. మేమేమీ చూడలేదు," అని గుసగుసలాడాడు. ఆ మాటకు అర్థమేమిటో ఆయనకు తెలియలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు.

లోపలికి వెళ్ళేసరికి లెక్కల టీచరు కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

"పడినప్పుడే చూశాను," అంది. "కిటికీలోంచి. రెండోసారి ఎత్తబోయి భుజం పట్టుకోవడం కూడా చూశాను."

ఆయన గోడకు చేరగిలబడ్డాడు. "మరి అడిగావు కదా, ఏం చేస్తున్నారని?"

"చెప్తారేమోనని అడిగాను. ఎవరినైనా పిలవనా అని కూడా అడిగాను. మీరు చెప్పలేదు, నేనే వాళ్ళకి ఫోన్ చేశాను. ఊరికే వచ్చినట్టు వచ్చి, మాటల్లో మాటగా లేపి నిలబెట్టి వెళ్ళండి, ఆయన చిన్నబుచ్చుకోకుండా చూడండి అని బతిమాలాను. ఆరున్నరకి పిలిస్తే తీరిగ్గా తొమ్మిదింటికి తగలడ్డారు."

నడుం బెల్టు, మోకు, వ్యాను, ఆ గుసగుస, అన్నీ అప్పుడు ఆయనకు వరసగా అర్థమయ్యాయి. బండి లేపడానికి వచ్చినవాళ్ళు బండి లేపుకుపోయారు.

"మరి ఆ కాగితం?" అన్నాడు.

"మీ భుజం జారిన రోజు మీరు నాకు ఫోన్ చెయ్యలేదు. ఒక్కరే ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్ళారు. అలా రాస్తే, చేతకాని రోజున నా దగ్గరకొచ్చి చెప్తారనుకున్నాను. చెప్తే ఇద్దరం కలిసి లేపేవాళ్ళం. దాన్ని అమ్మడానికి నాకేమైనా పిచ్చా? ఇరవై ఆరేళ్ళు దాని మీద నేనూ తిరిగాను."

"వాళ్ళు తీసుకుంటుంటే మరి నువ్వెందుకు ఆపలేదు?"

కత్తి ఆగింది. "ఆపుదామనే అడుగేశాను. అందులో ఎవరు కూర్చుంటున్నారు గనక అన్నారు. లెక్క సరిపోయింది, ఇంక నేనెందుకని ఊరుకున్నాను."

ఆవిడ మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. వచ్చే ఆదివారం నుంచి ఉదయం పూట తోటి టీచరుతో కలిసి బస్సులో ఈతకొలనుకు వెళతానని, నడుముకు మంచిదని డాక్టరు ఎప్పుడో చెప్పాడని, మామూలు గొంతుతోనే చెప్పింది.

కళ్ళజోళ్ళాయన వాకిట్లోకి వచ్చాడు. దుప్పటి మీద నూనె మరకలు తప్ప ఏమీ లేవు. పక్కన ఉత్త ఛాసిస్ ఒక్కటే, ఎవరికీ పనికిరానిది, ఉదయం పడ్డచోటే పడి ఉంది. వంగి, రెండు చేతులతో పట్టుకుని, ఏ కష్టమూ లేకుండా ఎత్తి గోడకు నిలబెట్టాడు.

ఒప్పందంలో రాసుకున్నట్టుగానే, ఇతరుల సాయం లేకుండా, ఒక్కడే లేపాడు.